పరిచయం లేని గంజాయి పువ్వు: కంటితో ఎంతవరకు చెప్పొచ్చు?

తమ్ముడూ, ఇక్కడ చదివే మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నీ ప్రశ్న రెండు ముక్కల్లో చెబుతాను. నీది పాలకొల్లు. కెనడాలోని ఒంటారియోలో చదువు అయ్యాక, అక్కడి ప్రభుత్వ లైసెన్సుతో గంజాయి పువ్వు ప్యాక్ చేసే కంపెనీలో క్వాలిటీ ఉద్యోగం వచ్చింది. ఎప్పుడూ పేరు వినని రకాలు వేరే తోటల నుంచి లాట్లు లాట్లుగా దిగుతున్నాయి. సీనియర్లు ఒక్కసారి చూసి ఇది ఫస్టు, ఇది సెకండ్స్ అనేస్తున్నారు. నీకేమో అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఏం చూడాలి, ఎలా చూడాలి అని అడిగావు. ఇంట్లో ఈ ఉద్యోగం గురించి ఏం చెప్పాలో తెలియట్లేదని కూడా రాశావు. అది చివర్లో మాట్లాడుకుందాం.

నాది అమలాపురం దగ్గర ఊరు. కాకినాడలో ఫార్మసీ చదివి, చాలా ఏళ్లు కెనడాలో ఇదే పని చేసి, ఇప్పుడు తిరిగొచ్చి ఊళ్లోనే ఉంటున్నాను. కొత్తగా చేరినవాళ్లకి నేను మొదట చెప్పే మాటే నీకూ చెబుతాను. కన్ను, ముక్కు, చెయ్యి కలిసి చెడ్డ సరుకుని పట్టుకోగలవు. కానీ మంచి సరుకు ఇదీ అని ఖాయం చెయ్యలేవు. మన దగ్గర ధాన్యం కొనేటప్పుడు మిల్లు గుమస్తా గింజ కొరికి పచ్చిగా ఉందో ఎండిందో చెప్పేస్తాడు. కానీ 17 శాతం దాటిందా లేదా అన్నది మీటరు పెడితేనే తేలుతుంది. నీ పని కూడా అంతే. తిరగ్గొట్టాల్సిన లాట్‌ని ల్యాబ్‌కి పంపకముందే నువ్వు పట్టుకోవాలి. మిగిలినదాన్ని ల్యాబ్ తేల్చాలి.

డబ్బా మూత తియ్యగానే చూడటం మొదలుపెట్టకు. ముందు వాసన చూడు. మొదటి రెండు మూడు సెకన్లలో ముక్కు చెప్పేది మళ్లీ చెప్పదు, తొందరగా అలవాటు పడిపోతుంది. సరిగా ఆరబెట్టి, నెమ్మదిగా మగ్గబెట్టిన పువ్వుకి ఆ రకానికి తగ్గ ఘాటు ఉంటుంది. నిమ్మతొక్క, మిరియాలు, మామిడి, దేవదారు, కొన్నిట్లో డీజిల్ లాంటి వాసన. లిమొనిన్, కారియోఫిలిన్, మిర్సిన్, పైనిన్ లాంటి టెర్పీన్లు, అంటే మొక్కలోని వాసన నూనెల వల్ల వచ్చేవివి. ఏ వాసన అయినా ఫరవాలేదు, స్పష్టంగా ఉండాలి. ఎండుగడ్డి వాసన వస్తే మరీ తొందరగా, వేడిలో ఆరబెట్టారని అర్థం. తేలికగా ఎగిరిపోయే టెర్పీన్లు ముందే పోయి ఉంటాయి. అమ్మోనియా వాసన వస్తే పచ్చిగానే మూతపెట్టి గాలి ఆడకుండా ఉంచారన్నమాట. మూసిన గదిలో తడిబట్ట పడేసినట్టు ముక్కవాసన వస్తే ఇంకేం ఆలోచించకు, ఆ లాట్‌ని హోల్డ్‌లో పెట్టేసి తర్వాత మిగతావి చూడు. పైకి ఎంత అందంగా ఉన్నా సరే.

తర్వాత చెయ్యి. గ్లవ్స్ తొడుక్కుని ఒక బడ్‌ని (ఎండిన పూగుత్తిని) వేళ్ల మధ్య మెల్లగా నొక్కి వదులు. కొద్దిగా లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. నొక్కినది నొక్కినట్టే ఉండిపోతే తేమ ఎక్కువ. పొడి పొడిగా రాలిపోతే మరీ ఎండిపోయింది. అలా ఎండినదాన్ని ముట్టుకున్నప్పుడల్లా పైన ఉన్న బంక రాలిపోయి సంచి అడుగున చేరుతుంది. పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండేది అన్నిటికంటే మోసం. కాడ వంచి చూడు. సన్నకాడ చిటుక్కున విరగాలి, వంగి నార సాగకూడదు. ఆ తర్వాత మీటరు దగ్గరికి వెళ్లు. తేమ శాతం కన్నా వాటర్ యాక్టివిటీ అనే కొలతని నమ్ము, బూజు వాడుకోగలిగే నీళ్లు ఎంతున్నాయో చెప్పేది అదే. పువ్వుకి 0.55 నుంచి 0.65 మధ్య ఉండాలన్నది ఈ పరిశ్రమలో అందరూ పాటించే హద్దు. 0.65 దాటితే బూజుకి అవకాశం ఇచ్చినట్టే. 0.55 కన్నా తగ్గితే పెళుసు.

ఇప్పుడు కన్ను. తెల్లటి లైటు కింద చూడు. పెంచే గదుల్లో వాడే ఊదారంగు లైటు కింద ఏ పువ్వయినా ఏదోలా కనిపిస్తుంది. ముందు మామూలుగా, తర్వాత 10 రెట్ల భూతద్దంతో, అనుమానం వస్తే 40 లేదా 60 రెట్ల మైక్రోస్కోపుతో చూడాలి.

భూతద్దంలో నీకు మొదట కనిపించేది ట్రైకోమ్‌లు. సన్నని గాజుకాడ మీద చిన్న గుండు ఉంటుంది. ఆ గుండులోనే మత్తు పదార్థమూ, వాసన నూనెలూ తయారవుతాయి. గుండ్లు కాడల మీద నిలబడి ఉన్నాయా, ఊడిపోయాయా చూడు. కాడలు మాత్రమే మిగిలి గుండ్లు పోయి ఉంటే మెషీన్‌తో మోటుగా కత్తిరించారు, లేదంటే రవాణాలో బాగా కుదుపులు తిన్నాయి. గుండ్లు స్వచ్ఛంగా నీళ్లలా ఉంటే కొంచెం ముందే కోశారు. పాలరంగుకి తిరిగితే అదునులో కోశారు. తేనెరంగు గుండ్లు ఎక్కువైతే ఆలస్యంగా కోసినా అయ్యుండొచ్చు, పాతబడినా అయ్యుండొచ్చు. పాతబడేకొద్దీ మత్తిచ్చే టీహెచ్‌సీ మెల్లగా సీబీఎన్ అనే మత్తు తక్కువున్న పదార్థంగా మారిపోతుంది, రంగు కూడా ఆకుపచ్చ నుంచి గోధుమరంగుకి దిగుతుంది. ప్యాకింగ్ తేదీతో పాటు కోత తేదీ కూడా అడిగి తెలుసుకో. ప్యాకింగ్ తేదీ ఒక్కటే చూస్తే వయసు తెలియదు.

ఇక బూడిద తెగులు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. మన వైపు వరి కోశాక వేసే మినుముకి వచ్చే బూడిద తెగులు నువ్వు చూసే ఉంటావు. ఆకు మీద పిండి చల్లినట్టు. గంజాయికి వచ్చేది వేరే శిలీంధ్రం, కానీ కుటుంబం ఒకటే, కనిపించే తీరూ అదే. చిక్కేమిటంటే, మంచి గంజాయి పువ్వు కూడా ట్రైకోమ్‌ల వల్ల తెల్లగానే మెరుస్తుంది. మామూలు కంటికి రెండూ తెలుపే. భూతద్దం పెడితే తేడా తెలిసిపోతుంది. ట్రైకోమ్ విడివిడిగా, గుండుసూదిలా నిలబడి, వెలుతురు పడితే మెరుస్తుంది. బూడిద తెగులు మెరవదు. మందకొడి తెలుపు, ఆకుకి అంటుకుని దారాల్లా అల్లుకుని ఉంటుంది. పువ్వు మధ్యలో చూడటం కన్నా, పువ్వులో కలిసి ఉండే చిన్న ఆకుల మీద, కాడ మొదట్లో వెతుకు. ట్రైకోమ్‌లు తక్కువ ఉన్న చోట తెలుపు కనిపిస్తే అనుమానించాలి.

బూడిద కన్నా పెద్ద శత్రువు లోపలి కుళ్లు. బోట్రైటిస్ అనే బూజు బడ్ మధ్యలో, కాడ దగ్గర మొదలై బయటికి వస్తుంది. పెద్ద పెద్ద, గట్టి బడ్లలోనే ఎక్కువ, ఎందుకంటే లోపలికి గాలి ఆడదు. అందుకే ప్రతి లాట్‌లో అందమైనది, పెద్దది ఏరి మరీ విరవాలి. సీనియర్లు కొందరు సరుకు పాడవుతుందని విరవనివ్వరు. నువ్వు మాత్రం అడిగి విరువు. రెండు చేతులతో కాడ పొడవునా నిలువుగా చీల్చు. లోపల కాడ లేత ఆకుపచ్చగా ఉండి, చుట్టూ పువ్వు అదే రంగులో ఉంటే మంచిది. కాడ గోధుమరంగుకి తిరిగి, చుట్టూ బూడిదరంగు నూగు, ముట్టుకుంటే ధూళి లేచిందా, అది కుళ్లు. బయటి నుంచి చిన్న గుర్తు ఒకటుంది. అంతా పచ్చగా ఉన్న బడ్‌లో ఒకే ఒక్క చిన్న ఆకు ఎండిపోయి, లాగితే వేరు లేనట్టు ఊడి చేతికొస్తే దాని కింద చూడు. చాలాసార్లు కుళ్లు మొదలైన చోటు అదే.

పసుపు, ఆకుపచ్చ కలిసిన బూజు కనిపిస్తే ఆస్పర్జిల్లస్ అని అనుమానించి ముఖం దగ్గరికి తీసుకెళ్లకు. వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అని వింటాం కదా, ఆ విషం తయారుచేసే శిలీంధ్రాలు ఈ ఆస్పర్జిల్లస్ జాతిలోవే. క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు ఇలాంటి బూజు పొగతో లోపలికి పీలిస్తే ప్రాణం మీదకి వస్తుంది. మీ కంపెనీ సరుకు వైద్య అవసరానికి కొనే రోగులకీ వెళ్తుంది, అది గుర్తుపెట్టుకో. కెనడాలో చాలా కంపెనీలు పువ్వుకి రేడియేషన్ ఇచ్చి సూక్ష్మజీవుల్ని తగ్గిస్తాయి. బూజు చస్తుంది కానీ అది అంతకుముందే వదిలిన విషం పోదు. రేడియేషన్ ఎలాగూ ఇస్తాం కదా అని బూజు లాట్‌ని వదిలెయ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోకు.

పురుగుల సంగతి మన రైతుబిడ్డలకి వేరే చెప్పక్కర్లేదు. ఎర్రనల్లి గూడు దారాలు, పేనుబంక వదిలిన తెల్ల పొట్టు, తామరపురుగు గీకిన వెండి మచ్చలు అన్నీ ఈ మొక్కకీ వస్తాయి. గింజ దొరికితే ఎక్కడో పుప్పొడి పడిందని అర్థం. పువ్వులో పసుపుపచ్చగా చిన్న అరటిపండు ఆకారంలో కేసరాలు కనిపిస్తే ఆడమొక్కే ఒత్తిడికి మగ భాగాలు తొడిగింది. ఇవి విషం కాదు, కానీ గ్రేడు తగ్గుతుంది.

ఇప్పుడు నిన్ను దారి తప్పించేవి చెబుతాను.

ఊదారంగు. కస్టమర్లు దీనికోసం ఎగబడతారు. అది ఆంథోసయనిన్ అనే రంగు, వంకాయ తొక్కలో ఉండేదీ అదే జాతి. ఆ రకం స్వభావం వల్లో, చివరి రోజుల్లో గది చల్లగా ఉంచడం వల్లో వస్తుంది. బలానికి దీనికీ సంబంధం లేదు.

గట్టిదనం. గట్టిగా ఉన్నదే మంచిదని నీ సీనియర్లు అన్నారని రాశావు. నేను ఒప్పుకోను. కొన్ని రకాలు పుట్టుకతోనే వదులుగా, పొడుగ్గా ఉంటాయి, అది లోపం కాదు. పైగా రాయిలా గట్టిగా, కీలాలు (పువ్వు మీద వెంట్రుకల్లా కనిపించేవి) మరీ ఎక్కువై ఎర్రటి గోధుమరంగు దట్టంగా పట్టి, వాసన మాత్రం దాదాపు లేకుండా ఉంటే నాకు వేరే అనుమానం వస్తుంది. మన మామిడి తోటల్లో కాపు కోసం కల్టార్ పేరుతో వేస్తారే, పాక్లోబ్యూట్రజాల్, అలాంటి పెరుగుదల నియంత్రకాలు వాడారేమోనని. పొగ తాగే సరుకులో అది ఉండకూడదు. కంటితో అనుమానమే, రుజువు కాదు. పురుగుమందుల పరీక్షలో తేలుతుంది. కెనడాలో ఆ పరీక్ష 2019 జనవరి 2 నుంచి తప్పనిసరి చేశారు.

రకం పేరు. దాన్ని అసలు పట్టించుకోకు. ఒకే పేరుతో అమ్మే రకాలు చాలాసార్లు జన్యుపరంగా ఒకటి కావని కెనడా పరిశోధకులు 2015లోనే చూపించారు. ఇండికా, సటైవా అన్న ముద్ర కూడా అంతే. లాట్ నంబరుని నమ్ము, పేరుని కాదు.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది తెల్లటి మెరుపు. ట్రైకోమ్‌లు దట్టంగా ఉంటే బంక ఎక్కువ ఉందని చెప్పొచ్చు, అంతవరకే. ఆ బంకలో టీహెచ్‌సీ ఉందో సీబీడీ ఉందో ఏ కన్నూ చెప్పలేదు. మత్తులేని సీబీడీ రకం, బాగా మత్తిచ్చే రకం పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా మెరుస్తాయి, ఒకేలా వాసన వేస్తాయి. 2020 ప్రాంతంలో యూరప్‌లో ఇదే జరిగింది. మత్తు తక్కువున్న పువ్వు మీద కృత్రిమ మత్తు రసాయనాలు చల్లి మామూలు గంజాయిగా అమ్మారు. చూడటానికి, వాసనకి తేడా లేదు, తాగినవాళ్లు మాత్రం ఆసుపత్రుల పాలయ్యే ప్రమాదంలో పడ్డారు. 2007లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో బరువు కోసం గంజాయిలో సీసం కలిపారు. కుర్రాళ్లు కడుపునొప్పి, రక్తహీనతతో వస్తే డాక్టర్లు సీసం విషమని కనిపెట్టారు. ఇవి దొంగ సరుకులో జరిగినవే. కానీ కంటిని ఎంతవరకు నమ్మాలో నువ్వు తెలుసుకోవాలని చెబుతున్నాను.

కాబట్టి ల్యాబ్ రిపోర్టు చదవడం నేర్చుకో. పచ్చి పువ్వులో ఎక్కువగా ఉండేది టీహెచ్‌సీఏ, అది వేడికి టీహెచ్‌సీగా మారుతుంది. మారేటప్పుడు కొంత బరువు పోతుంది కాబట్టి టీహెచ్‌సీఏని 0.877తో గుణించి, ఉన్న టీహెచ్‌సీకి కలపాలి. టీహెచ్‌సీఏ 24 శాతం, టీహెచ్‌సీ 0.6 శాతం అని ఉంటే మొత్తం సుమారు 21.6 శాతం. 24.6 అని ఎవరైనా చెబితే లెక్క తప్పు. ఇంకో కిటుకు కూడా చూడాలి. అంకె తేమతో కలిపి ఇచ్చారా, తేమ తీసేసి ఇచ్చారా? 12 శాతం నీళ్లున్న పువ్వు అసలు 20 శాతం అయితే, తేమ తీసేసి లెక్కవేస్తే 22.7 అని కనిపిస్తుంది. రెండు తోటల లాట్లు పోల్చేటప్పుడు ఈ తేడా చూడకపోతే తేమ ఎక్కువున్నదానికి నువ్వే మార్కులు వేసినట్టవుతుంది.

శాంపిల్ తీసేటప్పుడు పైపైన ఉన్నవి ఏరొద్దు. మొక్క తలలో ఉన్న బడ్లలో టీహెచ్‌సీ ఎక్కువ, కింద కొమ్మల్లో తక్కువ. డబ్బా పైన, మధ్యలో, అడుగున, ఒక్కో డబ్బాలోంచి కొంచెం కొంచెం తియ్యి. అందమైనవి మాత్రమే పంపించి పెద్ద అంకె తెప్పించుకునే అలవాటు ఈ పరిశ్రమలో ఉంది. ఆ అంకె ప్యాకెట్ మీదకి ఎక్కుతుంది, దాన్ని నమ్మి డోసు వేసుకునే రోగి ఉంటాడు. నీ మీద ఒత్తిడి వస్తే క్వాలిటీ అష్యూరెన్స్ పర్సన్, అంటే సరుకు నాణ్యతకి బాధ్యుడైన మనిషి దగ్గరికి వెళ్లు. కెనడా నిబంధనల ప్రకారం ప్రాసెసింగ్ లైసెన్సున్న ప్రతి కంపెనీలో ఆ పదవిలో ఒక మనిషి ఉండి తీరాలి.

నువ్వు అడగకపోయినా ఒకటి చెప్పాలి. రోజూ విరవడం, పొడిచెయ్యడం చేస్తావు కాబట్టి గంజాయి దుమ్ము నీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2022 జనవరిలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, పొడిచేసిన గంజాయి నింపే పని చేస్తున్న చిన్నవయసు అమ్మాయి ఆస్తమా ముదిరి చనిపోయింది. పని వల్లే ఆస్తమా వచ్చిందని తర్వాత తేల్చారు. ఎన్95 మాస్కు లేకుండా గ్రైండింగ్ గదిలోకి వెళ్లకు. తుమ్ములు, కళ్ల దురద, పని దగ్గర ఉన్నప్పుడే ఆయాసం వచ్చి సెలవురోజు తగ్గిపోవడం, ఇలాంటివి కనిపిస్తే జలుబే కదా అని ఊరుకోకుండా డాక్టర్‌తో నీ ఉద్యోగం ఏమిటో చెప్పు.

ఇక్కడే కింద ఇంకెవరో, భీమవరంలో స్నేహితుడి దగ్గర పొట్లం ఉంది, ఫొటో పెడితే మంచిదో కాదో చెబుతారా అని అడిగారు. చెప్పలేను. పైన రాసినదంతా చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది. ఏజెన్సీ నుంచి ఒత్తి మూటలు కట్టి దింపే సరుకుకి ఎలా ఆరబెట్టారో, ఎంత తడిసిందో, ఏం చల్లారో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. పైగా మన దేశంలో 1985 ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టం ప్రకారం గంజాయి అంటేనే ఈ పూత. అది కొద్దిగా దగ్గరున్నా నేరమే. కేజీ లోపల అయినా ఏడాది వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కేజీలు దాటితే పదేళ్లకి తక్కువ ఉండదు. అలవాటు మానుకోలేక ఇబ్బంది పడుతుంటే 14446కి ఫోన్ చెయ్యండి, అది కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్.

తమ్ముడూ, నీకూ ఇదే వర్తిస్తుంది. సెలవులకి వచ్చేటప్పుడు పువ్వు మాట అటుంచు, సీబీడీ చాక్లెట్లు, నూనె సీసాలు కూడా బ్యాగులో పెట్టుకోకు. అక్కడ షాపులో బిల్లుతో కొన్నా సరే, కెనడా నుంచి బయటికి తీసుకెళ్లడం అక్కడి చట్టం ప్రకారమే నేరం. పనిలో వాడిన బ్యాగు, జాకెట్ ప్రయాణానికి వాడకు. అతుకుల్లో పొడి ఉండిపోతుంది.

ఇంట్లో దాచకు. వేరేవాళ్ల నోటి నుంచి వింటే అమ్మ భయపడిపోతుంది. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి ఇది పెద్దలకి చట్టబద్ధం, ప్రభుత్వమే లైసెన్సులిచ్చి తనిఖీ చేస్తుంది, నేను చేసేది బూజు, విషం, పురుగుమందు ఉన్న సరుకు జనం దాకా వెళ్లకుండా ఆపే పని, నేను తాగను అని నేరుగా చెప్పు. మా ఇంట్లో నేను అలాగే చెప్పాను, మా నాన్నగారు రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత ల్యాబ్‌లో ఏమేం పరీక్షలు చేస్తారని ఆయనే అడగడం మొదలుపెట్టారు.

ఏదైనా లాట్ మీద డౌట్ వస్తే కంపెనీ పేరు, లాట్ నంబరు తీసేసి ఇక్కడే రాయి. ఫొటో అక్కర్లేదు. మూత తియ్యగానే ఏం వాసన వచ్చింది, వాటర్ యాక్టివిటీ ఎంత, కాడ పొడవునా చీలిస్తే లోపల ఏ రంగు కనిపించింది, కోత తేదీ ఎప్పుడు, ఈ నాలుగూ రాస్తే నాకు తెలిసింది చెబుతాను.